పడమటి సీమ పాట ఎవరిది?



1934లో అమెరికా రేడియో కేంద్రాల్లో ఒక పాట ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని పేరు ‘హోమ్ ఆన్ ది రేంజ్’. అప్పటికి ఆ దేశంలో ఆ పాట తెలియనివాళ్లు తక్కువ. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు అదంటే ప్రాణమని పత్రికలు రాశాయి. రోజూ ఎక్కడో ఒక కేంద్రం నుంచి అది వినిపించాల్సిందే. అలాంటి పాట మీద అరిజోనాకు చెందిన ఒక దంపతులు దావా వేశారు. పాట తమదని, తాము 1905లోనే అచ్చు వేయించామని, ఐదు లక్షల డాలర్లు నష్టపరిహారం ఇప్పించాలని వాళ్ల వాదన. దావా తేలేదాకా దాన్ని పాడించకపోవడం మంచిదని రేడియో వాళ్లు ఊరుకున్నారు.

పాటను అచ్చు వేసినవాళ్ల తరఫున ఒక వకీలు బయలుదేరాడు. ఆయన పని న్యాయశాస్త్రం కంటే డిటెక్టివ్ నవలకు దగ్గరగా ఉంది. ఊరూరా తిరిగి, ఒకప్పుడు పశువుల మందలు తోలిన ముసలివాళ్లను వెతికి పట్టుకుని, ఈ పాట మీరు మొదట ఎప్పుడు విన్నారు, ఎవరి నోట విన్నారు అని అడుగుతూ పోయాడు. అరిజోనా పాటకు చాలా ఏళ్ల ముందే విన్నామన్నారు వాళ్లు. ఆ దారి కాన్సస్ రాష్ట్రంలోని స్మిత్ కౌంటీకి చేరింది. అక్కడ బ్రూస్టర్ హిగ్లీ అనే వైద్యుడు 1870ల మొదట్లో, ఒక వాగు ఒడ్డున కట్టుకున్న గుడిసెలో కూర్చుని ఆ పదాలు రాశాడు. డేనియల్ కెల్లీ అనే ఆయన వరస కట్టాడు. దావా వీగిపోయింది. పాట మళ్లీ రేడియోకెక్కింది. 1947లో కాన్సస్ దాన్ని రాష్ట్రగీతం చేసుకుంది.

రాసినవాడు దొరికాడు కాబట్టి కథ ముగిసిందనిపిస్తుంది. కాని వైద్యుడు రాసిన పాట మన దాకా వచ్చిన దారి వేరు. 1908లో జాన్ లోమాక్స్ అనే టెక్సస్ అధ్యాపకుడు బరువైన రికార్డింగు యంత్రాన్ని మోసుకుంటూ కౌబాయ్ పాటల కోసం తిరుగుతున్నాడు. శాన్ ఆంటోనియోలో ఒక నల్లజాతి మనిషి సారాయి దుకాణం నడుపుతున్నాడు. అంతకుముందు ఆయన పశువుల మందల వెంట వెళ్లే బండిలో వంటవాడు. అడవి దారుల్లో వండిపెడుతూ నేర్చుకున్న ఈ పాటను ఆయన పాడాడు, లోమాక్స్ మైనపు గొట్టం మీద రికార్డు చేశాడు. 1910లో వచ్చిన లోమాక్స్ పుస్తకం ద్వారా పాట లోకమంతా పాకింది. లోమాక్స్ పేరు చరిత్రలో నిలిచింది. హిగ్లీ పేరు కోర్టు పుణ్యమా అని బయటపడింది. పాటను గొంతులో దాచి ఏళ్ల తరబడి కాపాడిన వంటవాడి పేరు మాత్రం పాట వెంట నడవలేదు.

ఈరోజు నేను మాట్లాడదలచింది అలాంటి మనుషుల గురించి. అమెరికా పడమటి సీమ అనగానే మన కళ్ల ముందు ఒక తెల్లవాడు, తెల్లగుర్రం, టోపీ, తుపాకీ. చెవిలో ఒక ఈల, ఒక గిటారు తీగ. ఈ బొమ్మను చాలావరకు కళ్ల కంటే ముందు చెవులే తయారు చేశాయని నా అభిప్రాయం. ఆ చప్పుళ్లు ఎవరివో విడదీసి చూస్తే చరిత్ర పుస్తకం చెప్పనివి చాలా బయటికొస్తాయి.

1893లో చికాగోలో ఒక ప్రపంచ ప్రదర్శన జరిగింది. మన వివేకానందుడు మాట్లాడిన సర్వమత సమ్మేళనం దానిలో భాగమే. అది సెప్టెంబరులో. అంతకు రెండు నెలల ముందు, జూలై 12న, అదే ఊళ్లో చరిత్రకారుల సభలో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే యువ ఆచార్యుడు ఒక వ్యాసం చదివాడు. పడమటికి జరుగుతూ పోయిన సరిహద్దే అమెరికా వాడి స్వభావాన్ని మలిచిందనీ, ఇప్పుడా సరిహద్దు అయిపోయిందనీ ఆయన సిద్ధాంతం. దీనికి ఆధారం 1890 జనాభా లెక్కలు. చదరపు మైలుకు ఇద్దరి కంటే తక్కువ మంది ఉంటే దాన్ని ఖాళీ నేల కింద లెక్కగట్టారు. ఆ లెక్కలోకి ఆదివాసుల్లో చాలామందిని తీసుకోలేదు. మనుషులున్న నేల కాగితం మీద ఖాళీ అయిపోయింది.

అదే వేసవిలో, అదే ప్రదర్శన గేటు బయట, ‘బఫెలో బిల్’ కోడీ తన పడమటి సీమ ప్రదర్శన వేశాడు. లోపల చోటు ఇవ్వకపోతే పక్కనే స్థలం అద్దెకు తీసుకున్నాడు. వందల గుర్రాలు, తుపాకీ మోతలు, నిజమైన ఆదివాసులు. ముఖ్యంగా ఒక బ్యాండు మేళం. కౌబాయ్ దుస్తులు వేసుకున్న వాయిద్యగాళ్లు బాకాలు, డప్పులతో దుమ్ము రేపేవాళ్లు. కోడీతో ఎనిమిదేళ్ల ముందు సిట్టింగ్ బుల్ అంతటి లకోటా నాయకుడు ఒక సీజను పాటు ఊళ్లు తిరిగాడు. 1890 డిసెంబరులో వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా జనాన్ని ఊచకోత కోసింది. ఆ సమయంలో పట్టుబడ్డ కొందరు లకోటా ఖైదీలను కొద్ది నెలలకే కోడీ ఐరోపా యాత్రకు తీసుకెళ్లాడు. ఓడిపోయినవాళ్లే తమ ఓటమిని రోజుకో ఆటగా ఆడారు. వెనక మేళం వాయించింది.

టర్నర్ వ్యాసం విన్నవాళ్లు కొద్దిమంది. కోడీ మేళం విన్నవాళ్లు లక్షలు. ఆ తర్వాత చరిత్రకారులు టర్నర్‌ని ఎన్నిసార్లు ఖండించినా జనం తలలో పడమటి సీమ మారలేదంటే, ఆశ్చర్యమేముంది? వ్యాసాన్ని వ్యాసంతో ఖండించవచ్చు. చెవిలో పడ్డ మేళాన్ని ఏ వ్యాసం ఖండిస్తుంది?

అసలు ఆ మందలు తోలింది ఎవరు? టెక్సస్ నుంచి కాన్సస్ రైలు స్టేషన్ల దాకా పశువులను తోలిన కాలం మహా అయితే పాతికేళ్లు. ముళ్ల తీగ వచ్చాక దారులు మూసుకుపోయాయి. ఆ పాతికేళ్లలో పని చేసిన కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లజాతివారని చాలామంది చరిత్రకారుల అంచనా. వాళ్లలో ఎక్కువమంది నిన్నమొన్నటి దాకా బానిసలు. ఇక విద్య నేర్పింది మెక్సికో కాపరులు. తాడు విసరడం, జీను కట్టడం, మందను తిప్పడం, అన్నీ వాళ్ల దగ్గర నేర్చుకున్నవే. మెక్సికో కాపరులను 1830లలో హవాయి రాజు తన దీవులకు పిలిపించుకున్నాడు. వాళ్లతో గిటారు వెళ్లింది. హవాయి జనం ఆ గిటారు తీగలను తమ పద్ధతిలో వదులు చేసి, ఒకరు దాని మీద ఇనుప ముక్క జార్చి వాయించి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్ని తిరిగి అమెరికాకు పంపారు. ఈరోజు ‘కంట్రీ’ అనే అమెరికా పల్లె పాటల్లో మూలుగుతున్నట్టు వినిపించే ఆ జారుడు గిటారు అలా వచ్చిందే.

బాంజో సంగతి ఇంకా విడ్డూరం. తెల్లవాళ్ల పల్లె సంగీతానికి గుర్తుగా ప్రపంచమంతా చూసే వాయిద్యమది. దాని పుట్టుక పశ్చిమ ఆఫ్రికా సొరకాయ బుర్ర వాయిద్యాల్లో ఉంది. బుర్రకు తోలు బిగించి, కర్ర దూర్చి, తీగలు కట్టినవి. ఓడల్లో గొలుసులతో వచ్చినవాళ్లు వాయిద్యం తెచ్చుకోలేకపోయినా చేసే పద్ధతి తలలో తెచ్చుకున్నారు. కరీబియన్ దీవుల్లో, దక్షిణాది తోటల్లో మళ్లీ చేసుకున్నారు. 1840ల నుంచి తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ వేసిన ఆటల్లో బాంజో వేదికెక్కింది. వెక్కిరింత పోయాక వాయిద్యం మిగిలింది. ఎవరిదో మరిచిపోయారు.

మరిచిపోవడం దానంతటదే జరగలేదు, దానికి వ్యాపారం సాయం చేసింది. 1920లలో గ్రామఫోను కంపెనీలు నల్లవాళ్ల పాటలకు ఒక జాబితా, తెల్ల పల్లెవాళ్ల పాటలకు ఒక జాబితా వేశాయి. ఒకే ఊళ్లో, ఒకే పాటను, ఒకే ఫిడేలుతో పాడిన ఇద్దరు రెండు వేర్వేరు అరల్లోకి వెళ్లారు. రేడియో రంగమేమీ తక్కువ తినలేదు. నాష్‌విల్ నుంచి వచ్చే ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ అనే కార్యక్రమం కంట్రీ సంగీతానికి పీఠంలాంటిది. 1927లో దానికి ఆ పేరు పెట్టిన రాత్రి మౌత్ ఆర్గన్ మీద రైలు చప్పుడు వాయించినవాడు డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు. ఆ కార్యక్రమం తొలి తారల్లో ఒకరు. కచేరీలకు ఊళ్లు తిరిగితే తోటి కళాకారులు దిగిన హోటల్లో ఆయనకు గది ఇచ్చేవాళ్లు కాదు. 1941లో ఉద్యోగం పోయింది. తర్వాత బూట్లు పాలిష్ చేసే దుకాణం పెట్టుకుని బతికాడు. కంట్రీ సంగీత మహనీయుల వరసలో ఆయన పేరు చేర్చింది 2005లో. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది.

ఇప్పుడు ఇంకో తమాషా చూడండి. పడమటి సీమ సొంతవాళ్ల పాటలను అరల్లో పెట్టి తాళం వేశాక, ఆ సీమ శబ్దాన్ని కొత్తగా కట్టింది ఎవరు? ఆ సీమతో పుట్టుకతో సంబంధం లేనివాళ్లు.

స్వరకర్త ఏరన్ కోప్లాండ్ న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదులు. చదివింది పారిస్‌లో. 1938లో ‘బిల్లీ ది కిడ్’ అనే బాలే సంగీతానికి కౌబాయ్ పాటల పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో కొంత భాగం రాసింది కూడా పారిస్ వీధిలోని ఒక గదిలోనే. విశాలమైన మైదానం చెవికి ఎలా వినిపిస్తుందో అమెరికాకు నేర్పింది ఆయనే. స్వరాల మధ్య పెద్ద పెద్ద ఎడాలు, మధ్యలో గాలి. 1942లో ‘రోడియో’ బాలేకు రాసిన చివరి నాట్యం ఈనాటికీ వాణిజ్య ప్రకటనల్లో మోగుతోంది. ఆ వరస కెంటకీ కొండల్లోని విలియం స్టెప్ అనే ఫిడేలు వాద్యకారుడిది. 1937లో రికార్డు చేశారు. అది నెపోలియన్ పేరు మీద పాడుకునే పాత ఫిడేలు వరస. రూత్ క్రాఫర్డ్ సీగర్ అనే విదుషి దాన్ని స్వరాల్లోకి ఎక్కించి అచ్చులో పెట్టింది. కోప్లాండ్ అచ్చులోంచి తీసుకున్నాడు. కెంటకీ కొండ పాట కౌబాయ్ పాటైపోయింది.

హాలీవుడ్‌లో ‘హై నూన్’ సినిమాకు 1952లో సంగీతం చేసి రెండు ఆస్కార్‌లు కొట్టిన దిమిత్రి త్యోమ్కిన్ ఉక్రెయిన్‌లో పుట్టి సెంట్ పీటర్స్‌బర్గ్‌లో చదివినవాడు. రష్యా వైపు నుంచి వచ్చి కౌబాయ్ సంగీతం ఎలా చేస్తావని అడిగితే, మైదానం ఎక్కడైనా మైదానమేగా అన్నాడని చెప్పుకుంటారు. వేషం కూడా ఇంతే. ఆ టోపీ కుట్టించిన స్టెట్సన్ ఫిలడెల్ఫియా వ్యాపారి. ఆ జీన్స్ బవేరియా నుంచి వచ్చిన లీవై స్ట్రాస్, లాట్వియా నుంచి వచ్చిన ఒక దర్జీ కలిసి 1873లో పేటెంటు తీసుకున్నవి. కంట్రీ గాయకులు వేసుకునే తళుకుబెళుకుల కోట్లకు పేరుపడ్డ దర్జీ నూడీ కోన్ కీవ్‌లో పుట్టాడు.

ఇంక ఎన్నియో మోరికోనె. ఈయన దగ్గర కాస్త ఆగాలి.

రోమ్‌లో 1928లో పుట్టాడు. బాకా వాద్యకారుడి కొడుకు, తనూ బాకానే నేర్చాడు. శాస్త్రీయ సంగీత విద్యాలయంలో చదివాడు. చిన్నప్పుడు బడిలో ఒకే తరగతిలో చదువుకున్న సెర్జియో లియోనె దర్శకుడయ్యాక, 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’కు సంగీతం అడిగాడు. సినిమా కథ జపాన్‌ది, కురొసావా తీసిన ‘యోజింబో’. ఎడారి స్పెయిన్‌లోని అల్మేరియా. జనం ఎక్కువగా ఇటలీవాళ్లు, స్పెయిన్‌వాళ్లు. హీరో ఒక్కడు అమెరికావాడు. పెద్ద వాద్యబృందానికి డబ్బుల్లేవు. మోరికోనె చేసిన పనేమిటంటే, సంగీతం కాని వాటినన్నిటినీ సంగీతంలోకి దింపాడు. కొరడా చెళ్లుమనడం, దాగలి మీద సుత్తి దెబ్బ, చర్చి గంట, తుపాకీ మోత. అలెస్సాండ్రో అలెస్సాండ్రోని అనే స్నేహితుడి ఈల.  రెండేళ్లకు ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో అడవి నక్క ఊళ, ఎడ్డా డెల్లోర్సో అనే ఆమె మాటల్లేని గొంతు.

వీటిలో ఒక చప్పుడు మన చెవికి పరాయిది కాదు. ‘టొయ్ టొయ్’మని పళ్ల మధ్య ఇనుము ఒణికే శబ్దం. సిసిలీ దీవి పశువుల కాపరులు వాయించే ఆ వాయిద్యం మన కచేరీల్లో మృదంగం పక్కన కూర్చునే మోర్సింగే. మోరికోనె దాన్ని సిసిలీ నుంచి టెక్సస్‌కు మార్చాడు. నిజమైన టెక్సస్ కౌబాయ్ జీవితంలో అలాంటి ఈల, అలాంటి గంట, అలాంటి ఊళ కలిపి ఎప్పుడూ వినలేదు. అయినా ఈరోజు టెక్సస్‌వాడు తన తాతల గురించి ఊహించుకునేటప్పుడు కూడా చెవిలో మోగేది రోమ్ స్టూడియోలో చేసిన ఆ శబ్దమే. మోరికోనె అమెరికాలో కాపురం పెట్టలేదు, ఇంగ్లీషు నేర్చుకోలేదు. 2016లో ఆయనకు దక్కిన ఆస్కార్ కూడా మళ్లీ ఒక పడమటి సీమ సినిమాకే.

నన్నడిగితే, ఈ వరసలో మొహమాటం లేనివాడు మోరికోనె. కోప్లాండ్ వింటే ఇదీ అమెరికా అని నమ్మాలనిపిస్తుంది. మోరికోనె వింటే ఇది కట్టుకథ అని ముందే తెలుస్తుంది. కట్టుకథ అని ఒప్పుకుని చెప్పే కథలో ఒక నిజాయితీ ఉంది.

ఆ గుర్రం మన ఊరికీ వచ్చింది. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’. భారతదేశంలో తొలి కౌబాయ్ సినిమాగా చెప్పుకుంటాం. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, కృష్ణ హీరో, రాజస్థాన్ ఎడారి మైదానం. ఈ సినిమా గురించి హీరో టోపీ, తుపాకీ చెప్పి ఊరుకుంటారు గాని, నాకు తమాషాగా అనిపించేది రచన, సంగీతం చేసినవాళ్లు. రాసింది ఆరుద్ర. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్రే. ఆయన బ్రిటిషువాళ్ల కాలం, అమరవీడు అనే సంస్థానం, దాని నిధి అల్లి, అమెరికా గుర్రాన్ని మన పాత కోటల మధ్య నడిపించాడు. సంగీతం పి. ఆదినారాయణరావు. ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ చేసిన మనిషి. రాగమాలికలు కట్టిన చేత్తోనే కౌబాయ్ గుర్రానికి తాళం వేశాడు. జపాన్ కత్తివీరుడు ఇటలీ తుపాకీవీరుడై, ఇటలీ తుపాకీవీరుడు తెలుగు హీరో అయ్యాడు. మాచర్లలోనో మెదక్‌లోనో నేలటిక్కెట్టు కొని ఈల వేసినవాడికి ఇది పరాయి కథ అనిపించలేదు. మనవాళ్లు దీన్ని అనుకరణ అని చిన్నచూపు చూశారు. ఇందాకటి లెక్క ప్రకారం చూస్తే, అసలు అనేది ఎక్కడుందో చూపించమని ఆదినారాయణరావుగారు అడగవచ్చు.

సరే, అందరూ కలిశారు, అన్నీ కలిశాయి, బాగుందని సంబరపడదామా? ఇక్కడే నాకు పేచీ.

ఈ కలయికలో ఒకరికి చోటు దొరకలేదు. పాత సినిమాల్లో ఆదివాసులు కొండ మీద కనిపించగానే ఒక దరువు మోగుతుంది. మొదటి దెబ్బ గట్టిగా, తర్వాత మూడు మెల్లగా. ఆ దరువు ఏ తెగదీ కాదు. స్టూడియోలో సంగీతకారులు కల్పించింది. అదే సమయంలో ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ అనే పరిశోధకురాలు 1907 నుంచి తెగ తెగకూ తిరిగి అసలు పాటలు మైనపు గొట్టాల మీద రికార్డు చేస్తూనే ఉంది. కావాలంటే వినవచ్చు, ఎవరికీ అక్కరలేకపోయింది. మనమేమీ నవ్వక్కరలేదు. మన సినిమాల్లో ‘కోయ పాట’ అని వచ్చిన అరుపులు, ఈకల కిరీటాలు ఏ కోయగూడెంలో ఉన్నాయి?

ఇందాక చెప్పిన ‘హోమ్ ఆన్ ది రేంజ్’ పాటనే తీసుకోండి. లోమాక్స్ అచ్చు వేసిన పాఠంలో ఒక చరణం ఉంది. ఈ నేల మీద ముందున్నవాళ్లను తరిమేశారనీ, వాళ్లిక తిరిగి రారేమోననీ, వాళ్ల మంటలు ఇక వెలగవనీ దాని భావం. బళ్లలో, రేడియోల్లో పాడేటప్పుడు ఆ చరణం వదిలేస్తారు.

ఇటీవలి కాలంలో ఈ వదిలేసిన చరణాలను వెతికి పాడే పని గట్టిగా జరుగుతోంది. నాకు అందులో పెద్ద పేరు రియానన్ గిడెన్స్. నార్త్ కెరొలైనా మనిషి, నల్లజాతి తల్లి, తెల్లజాతి తండ్రి. ఒపెరా పాడటం చదువుకుంది. తర్వాత జో థాంప్సన్ అనే వృద్ధ నల్లజాతి ఫిడేలు వాద్యకారుడి ఇంటికి స్నేహితులతో వెళ్లి, ఆయన ముందు కూర్చుని పాత పాటలు నేర్చుకుంది. బాంజోను మళ్లీ దాని పుట్టింటివాళ్ల చేతిలో పెట్టింది. 2020లో ‘సిల్క్‌రోడ్’ అనే వాద్యబృందానికి కళా దర్శకురాలైంది. చెల్లో విద్వాంసుడు యో-యో మా పెట్టిన సంస్థ అది. ఆ బృందంతో ఆమె చేసినదే ‘అమెరికన్ రైల్‌రోడ్’. 2023లో ఊళ్లు తిరిగారు, 2024లో ఆల్బం వచ్చింది.

దాని వెనక కథ ఇది. 1869 మే 10న యూటాలో రెండు రైలు మార్గాలు కలిశాయి. బంగారు మేకు కొట్టారు. ఫోటో తీశారు. ఇంజన్ల మీద ఎక్కి సీసాలు ఊపుతున్న ఆ ఫోటో అమెరికా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. పడమటి వైపు నుంచి కొండలు తొలిచి ఆ పట్టాలు వేసిన కూలీల్లో నూటికి తొంభై మంది దాకా చైనావాళ్లు. ఆ ఫోటోలో వాళ్లను వెతుక్కోవాలి. 1867 జూన్‌లో వాళ్లు వేలమంది పని మానేసి, తెల్ల కూలీలతో సమానమైన జీతం కావాలన్నారు. కంపెనీ ఆహారం బళ్లు ఆపేసింది. వారం తిరిగేసరికి సమ్మె ముగిసింది. 1882లో చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టమే చేశారు.

గిడెన్స్ బృందం ఈ కథను ఉపన్యాసంగా చెప్పలేదు. చైనా తీగవాద్యం పిపా వాయించే వూ మాన్, టస్కరోరా తెగ గాయని పురా ఫే, ఐరిష్ వరసలు, నల్లజాతి ఖైదీలు సొరంగాలు తవ్వుతూ పాడిన పాటలు, అన్నీ ఒకే రైలు దారి మీద పెట్టారు. ఆ సొరంగాల పాటలో సమ్మెట దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ పదం ఆగుతుంది. దాన్ని పాడినవాళ్లు కూలి లేకుండా, కాళ్లకు సంకెళ్లతో తవ్వారు. వీటిని కలపడంలో ఇబ్బంది లేదా అంటే ఉంది. కొన్నిచోట్ల కలయిక మరీ నున్నగా ఉంటుంది, కచేరీ హాలు చల్లదనం తగులుతుంది. అయినా ఒకరి గొంతును ఇంకొకరు మింగకుండా చూసుకున్నారు. ఆ జాగ్రత్త మోరికోనెకు అవసరం పడలేదు. వీళ్లకు పడింది.

జనాకర్షక సంగీతంలో ఇదే గొడవ పెద్ద రచ్చగా జరిగింది. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే కుర్రాడి ‘ఓల్డ్ టౌన్ రోడ్’ పాటను బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టిక నుంచి తీసేసింది, అందులో కంట్రీ లక్షణాలు చాలినన్ని లేవంది. ఆ పాటలో బాంజో ఒక రాక్ బృందం రికార్డులోంచి తీసుకున్నది. దాని మీద తాళం అల్లింది నెదర్లాండ్స్‌లోని ఒక యువకుడు. లిల్ నాస్ ఎక్స్ దాన్ని ముప్పై డాలర్లకు కొన్నాడు. పట్టిక నుంచి తీసేసిన పాట ప్రధాన పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 2024లో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ వచ్చింది. అట్ట మీద తెల్లగుర్రం, చేతిలో జెండా, తలమీద టోపీ. 1969లో ఓప్రీ వేదికెక్కి తర్వాత మరుగునపడ్డ నల్లజాతి గాయని లిండా మార్టెల్‌ని పిలిచి అందులో మాట్లాడించింది. అందులోని ‘టెక్సస్ హోల్డ్ ఎమ్’ పాటలో బాంజో వాయించింది ఎవరనుకున్నారు? గిడెన్సే. మరుసటి ఏడాది ఆ ఆల్బానికి గ్రామీ ఉత్తమ ఆల్బం బహుమతి వచ్చింది. ఉత్తమ కంట్రీ ఆల్బం బహుమతి కూడా. నల్లజాతి కళాకారులకు ఆ కంట్రీ బహుమతి రావడం అదే మొదలు.

ఇంతవరకు నాకు సంతోషమే. అయితే 2025 జూన్‌లో పారిస్ కచేరీలో బియాన్సే వేసుకున్న ఒక చొక్కా దగ్గర గొడవ వచ్చింది. దాని మీద ‘బఫెలో సోల్జర్స్’ బొమ్మలున్నాయి. 1866లో ఏర్పడ్డ నల్లజాతి సైనిక దళాలవి. చొక్కా వెనక రాతలో ఆదివాసులనూ మెక్సికో విప్లవకారులనూ శాంతికి శత్రువులుగా పేర్కొన్నారు. ఆదివాసులు నొచ్చుకున్నారు. ఎందుకు నొచ్చుకోరు? బానిసత్వం నుంచి బయటపడి సైన్యంలో చేరి గౌరవం సంపాదించుకున్న ఆ నల్లజాతి సైనికులు, ఆ గౌరవం సంపాదించింది ఆదివాసుల నేల మీద, వాళ్ల మీద యుద్ధాల్లో. రెండూ నిజాలే. ఒకదాన్ని జెండాలా ఎగరేస్తే రెండోది కింద నలుగుతుంది.

నేను ఇంతసేపూ చెప్పదలచింది ఇదే. గుర్రం మీద తెల్లవాణ్ని దించి నల్లవాణ్ని ఎక్కించడం న్యాయమే, ఆ గుర్రాలను తోలినవాళ్లలో వాళ్లున్నారు కాబట్టి. కాని గుర్రం నడుస్తున్న నేల ఎవరిదని పాట అడగకపోతే, టర్నర్ చూపిన ఖాళీ మైదానం ఖాళీగానే ఉండిపోతుంది. గుర్తులను కలిపినంతలో చరిత్ర సరికాదు. కలపడం సులభం. మోరికోనె కలిపాడు, మనమూ కలిపాం, బాగానే వచ్చింది. తగవు పడే రెండు నిజాలను ఒకే పాటలో నిలబెట్టడం కష్టం. గిడెన్స్ దానికి ప్రయత్నిస్తోంది. బియాన్సే సగం దూరం వచ్చింది.

ఇంకొకాయన వేరే దారి పట్టాడు. రేవన్ చాకోన్, నవాహో తెగ స్వరకర్త. 2021 నవంబరులో మిల్వాకీ నగరంలోని ఒక పెద్ద చర్చిలో, అమెరికావాళ్లు కృతజ్ఞతల పండుగ జరుపుకునే రోజుల్లో, ‘వాయిస్‌లెస్ మాస్’ అనే రచన వినిపించాడు. చర్చి ఆర్గన్, కొన్ని వాయిద్యాలు. ప్రార్థనాగీతం అని పేరు, పాడే గొంతు ఒక్కటీ లేదు. ఈకలు లేవు, ఈల లేదు. ఆదివాసి సంగీతం అనగానే మనం ఎదురుచూసేవేవీ లేవు. ఆ సభలోకి, ఆ నేల మీదికి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్నదే దాని ప్రశ్న. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆదివాసి స్వరకర్తకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. వినడానికి అది సుఖమైన రచన కాదు, ముందే చెబుతున్నాను. రెండోసారి విన్నప్పుడే నాకు పట్టుబడింది.

చివరిగా, టెక్సస్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలకు ఒక మనవి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పనక్కర లేదు. పిల్లలు ఒక శనివారం మిమ్మల్ని ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌కు తీసుకెళ్తారు. అక్కడ రోజుకు రెండు పూటలా పొడుగుకొమ్ముల పశువులను వీధిలో నడిపిస్తారు. టోపీ పెట్టుకుని ఫోటో దిగండి, తప్పేం లేదు. అదే ఊళ్లో నేషనల్ మల్టీకల్చరల్ వెస్టర్న్ హెరిటేజ్ మ్యూజియం అని ఒకటుంది. నల్లజాతి, మెక్సికో, ఆదివాసి కౌబాయ్‌ల కథలు అక్కడ భద్రపరిచారు. అక్కడికి కూడా తీసుకెళ్లమని పిల్లలను అడగండి. వాళ్లలో చాలామందికి అదొకటి ఉందనే తెలియదు.